సవన్నా గడ్డి నేలలు: గోదావరి డెల్టా నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

కోనసీమలో ఒక హైస్కూల్లో సోషల్ చెబుతాను. సవన్నా పాఠం వచ్చిన ప్రతి ఏడూ పిల్లలు అడిగే ప్రశ్నలు కొన్ని, ఇంటికెళ్ళి వాళ్ళు చెబితే విని పెద్దవాళ్ళు అడిగినవి కొన్ని, గోదావరి మధ్య లంకల్లోకి పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు అక్కడి రైతులు అడిగినవి ఇంకొన్ని. జవాబులు ఒకచోట ఉంటే బాగుంటుందని ఇక్కడ రాస్తున్నాను. పచ్చటి వరిచేల మధ్య పుట్టి పెరిగిన మనకు గడ్డి నేల అంటే చులకన. ఆ చులకన కొంచెమైనా తగ్గాలన్నది నా కోరిక.

సవన్నా అంటే ఏమిటి? పుస్తకంలో లాగా కాకుండా చెప్పండి.

ఏడాదంతా వేడిగా ఉండి, వానలు మాత్రం కొన్ని నెలలే పడే చోట, నేలంతా గడ్డి పరుచుకుని మధ్యమధ్యలో చెట్లు విడివిడిగా నిలబడి ఉంటే అది సవన్నా. ఇక్కడ గమనించాల్సింది చెట్ల లెక్క కాదు, నేల మీద పడే ఎండ. చెట్ల కొమ్మలు ఒకదాన్నొకటి తాకవు కాబట్టి ఎండ నేల దాకా వస్తుంది, గడ్డి బతుకుతుంది. కొమ్మలు కలిసిపోయి పైన పందిరిలా కమ్ముకుంటే కింద గడ్డి చచ్చిపోతుంది. అప్పుడది అడవి. కొబ్బరితోటలో నీడ చిక్కగా ఉన్నచోట గడ్డి పల్చబడటం మీరు చూసే ఉంటారు. అదే సూత్రం.

భూమ్మీద ఉన్న నేలలో సుమారు ఐదో వంతు సవన్నాలే. ఆఫ్రికాలో టాంజానియా, కెన్యా మొదలుకుని పడమటి దేశాల దాకా ఉన్నాయి. బ్రెజిల్లో సెరాడో అంటారు. వెనిజువెలా, కొలంబియాల్లో యానోస్ అంటారు. ఆస్ట్రేలియా ఉత్తర భాగమంతా ఇదే. మన దేశంలోనూ ఉన్నాయి, వాటి సంగతి కిందకు వస్తుంది.

ప్రెయిరీ, స్టెప్పీ కూడా ఇవేనా?

కాదు. అవి చలి దేశాల గడ్డి మైదానాలు. అక్కడ శీతకాలంలో మంచు పడుతుంది, చెట్లు దాదాపు ఉండవు. సవన్నాలో మంచు ఉండదు, చెట్లు ఉంటాయి. పరీక్షకు ఇంత చాలు.

ఇంటర్నెట్లో చూస్తే రాజమండ్రి, కాకినాడ వాతావరణం ‘ట్రాపికల్ సవన్నా’ అని ఉంటుంది. ఇంత నీళ్ళు, ఇంత పచ్చదనం ఉన్న చోటు సవన్నా ఎలా అవుతుంది? తప్పు రాశారా?

తప్పు కాదు. నాకు అన్నింటికంటే ఇష్టమైన ప్రశ్న ఇది.

అది కెప్పెన్ అనే శాస్త్రవేత్త 1884లో మొదలుపెట్టిన వర్గీకరణ. అందులో ఊళ్ళో ఏ పంట ఉంది, ఏ చెట్టు ఉంది అని చూడరు. ఎండ, వాన, ఈ రెండే చూస్తారు. ఏడాదిలో ప్రతి నెలా సగటు ఉష్ణోగ్రత 18 డిగ్రీలు దాటి, ఎండాకాలమో చలికాలమో కొన్ని నెలలు వాన బాగా తగ్గిపోతే (అన్నిటికంటే పొడి నెలలో 60 మిల్లీమీటర్లు కూడా పడకపోతే) ఆ ఊరు సవన్నా వాతావరణం కిందికి వస్తుంది.

ఇప్పుడు మన ఏడాదిని తలుచుకోండి. మృగశిర కార్తెతో వాన మొదలవుతుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి, ఆ తర్వాత అక్టోబర్, నవంబర్లలో వాయుగుండాలు, తుపాన్లు. ఏడాది వాన సుమారు 1,100 నుంచి 1,200 మిల్లీమీటర్లయితే దాదాపు అంతా ఈ ఆరు నెలల్లోనే. డిసెంబర్ నుంచి మే దాకా పడేది లెక్కలోకి రాదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని ఊరికే అనలేదు కదా. ఆరు నెలలు తడి, ఆరు నెలలు పొడి. సవన్నా అంటే సరిగ్గా ఇదే.

మరి పచ్చదనం ఎక్కడిది? అది మన మీద పడిన వాన కాదు. మహారాష్ట్రలో నాసిక్ దగ్గర త్రయంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచివచ్చే గోదావరి మోసుకొచ్చిన ఎక్కడెక్కడి వానో. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ఆర్థర్ కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించాక ఆ నీరు కాలువలెక్కి సుమారు పది లక్షల ఎకరాలకు పారింది. దానికి ముందు ఇదే డెల్టాలో వానలు మొహం చాటేస్తే కరువులే. 1832–33లో వచ్చిన నందన కరువు మాట మన పెద్దలు తరతరాలుగా చెప్పుకొచ్చిందే.

నమ్మకం కుదరకపోతే మే నెలలో చూడండి. రెండో పంట దాళ్వా కోతలై, లాకులు దించి కాలువలు కట్టేశాక, గట్టు మీద నడవండి. గరిక ఎండి గోధుమరంగుకు తిరుగుతుంది. చేలల్లో నేల పలకలు పలకలుగా పగిలి, ఆ నెర్రెల్లో చెయ్యి దూరుతుంది. దూరంగా తాటిచెట్లు ఒక్కొక్కటీ విడివిడిగా. ఆ నాలుగైదు వారాలు మన డెల్టా తన సొంత మొహంతో కనిపిస్తుంది. కాలువలు వదిలిన రోజున మళ్ళీ పచ్చచీర కట్టుకుంటుంది.

వెయ్యి మిల్లీమీటర్ల వాన అంటే తక్కువేం కాదు కదా. అంత పడేచోట అడవి రాకుండా గడ్డి ఎందుకు ఉండిపోతుంది?

ఇది శాస్త్రవేత్తలు చాలాకాలం తలలు పట్టుకున్న ప్రశ్న. ఆఫ్రికా అంతటా ఎనిమిది వందలకు పైగా చోట్ల లెక్కలు తీసి, మహేశ్ శంకరన్, ఆయన తోటివాళ్ళు 2005లో ఒక సంగతి తేల్చారు. ఏడాదికి సుమారు 650 మిల్లీమీటర్ల లోపు వాన పడేచోట చెట్లు చిక్కబడకుండా ఆపేది వానే, అంటే నీళ్ళు చాలవు. అంతకుమించి పడేచోట చెట్లు కమ్ముకోగలవు. అయినా కమ్ముకోలేదంటే వాటిని ఆపుతున్నవి నిప్పూ, పశువుల నోరూ.

వానాకాలంలో గడ్డి మనిషెత్తు పెరుగుతుంది. ఎండాకాలంలో అది ఎండి, పిడుగు పడ్డా, ఎవరైనా అంటించినా భగ్గుమంటుంది. పెద్ద చెట్టుకు బెరడు మందం కాబట్టి తట్టుకుంటుంది. మోకాలెత్తు మొక్క తట్టుకోలేదు. ఆకులన్నీ మాడిపోయి మళ్ళీ మొదటి నుంచి చిగురించాలి. మరుసటేడు మళ్ళీ మంట. కొన్ని మొక్కలు ఇలా పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు మోకాలెత్తులోనే ఉండిపోతాయి, వేరు మాత్రం కింద లావెక్కుతూ ఉంటుంది. రెండు మూడేళ్ళు వరసగా మంట రాకపోతే ఒక్క ఊపున మంట అందని ఎత్తుకు ఎదుగుతాయి. సవన్నాలో మీరు చూసే ప్రతి పెద్ద చెట్టూ అలాంటి అవకాశం దొరికిన చెట్టే.

దీనికి పశువులు తోడు. ఏనుగు చెట్టును పడగొడుతుంది, జిరాఫీ చిగురు కొరుకుతుంది, జింకలు మొలకలు తినేస్తాయి. తుమ్మజాతి చెట్లకు అంతంత ముళ్ళు ఎందుకొచ్చాయంటే ఇందుకే. మన గట్ల మీది నల్లతుమ్మను చూడండి. లేతగా ఉన్నప్పుడు ముళ్ళు బారెడుంటాయి, మేక అందుకోలేని ఎత్తుకు పెరిగాక పైకొమ్మల్లో ముళ్ళు తగ్గుతాయి.

గడ్డి కాలిపోతే చచ్చిపోదా?

పోదు. చెట్టు కొసన పెరుగుతుంది, గడ్డి మొదలు దగ్గర పెరుగుతుంది. ఎదిగే మొగ్గ నేలను అంటుకుని, ఎండిన ఆకుల మట్టలో భద్రంగా ఉంటుంది. మంట పైనుంచి దాటిపోతుంది. అందుకే ఆవు కొరికినా, కొడవలితో కోసినా, కాలినా మళ్ళీ లేస్తుంది. లంకలో రెల్లు కాల్చిన చోట వారం పది రోజుల తర్వాత ఒకసారి కూర్చుని చూశాను. నల్లటి బూడిదలో కాలిన దుబ్బు బొగ్గులా ఉంది. దాన్ని వేళ్ళతో విడదీస్తే లోపలి నుంచి సూదుల్లాంటి పచ్చటి మొలకలు, ఒక్కో దుబ్బుకు పదీ పన్నెండు. అప్పటికి ఇంకా చినుకు కూడా పడలేదు. వేళ్ళలో దాచుకున్న బలంతోనే లేచాయి.

ఇంకో ఒడుపు కూడా ఉంది. ఉష్ణ ప్రాంతాల గడ్డి చాలావరకు ‘సీ4’ రకం. మండుటెండలో, తక్కువ నీటితో ఆహారం తయారుచేసుకునే పద్ధతి అది. వరి ఆ రకం కాదు. జొన్న, మొక్కజొన్న, సజ్జ, చెరుకు ఆ రకమే. ఒకే ఎండలో వరి వాడిపోతుంటే పక్కన జొన్న నిటారుగా ఉండటానికి ఒక కారణం ఇదే. సుమారు 80 లక్షల ఏళ్ళ కిందటి నుంచి ఈ రకం గడ్డి ప్రపంచమంతా పరుచుకుంటూ వచ్చింది. సవన్నాలు ఈ రూపానికి వచ్చింది అప్పటి నుంచే. మనిషి గొడ్డలితో చేసినవి కావు.

అయితే కోతలయ్యాక చేలో వరిగడ్డి, దుబ్బులు తగలబెట్టడం కూడా మంచిదేనా?

కాదు, దయచేసి రెండింటినీ కలపొద్దు. సవన్నా గడ్డి మంటతో కలిసి లక్షల ఏళ్ళు పెరిగింది. వరిచేను అలాంటిది కాదు. అక్కడ మంట పెడితే నేలలోని సారం పోతుంది, పక్క చేలకూ ఊళ్ళకూ పొగ. పైగా గడ్డివాము వేసుకునే చోట గడ్డి కాల్చడం ఏమిటి?

టీవీలో చూపించే సెరెంగెటిలో ఆ జంతువులన్నీ ఎందుకు అలా పరిగెడుతూనే ఉంటాయి?

గడ్డి కోసం, అంటే వాన కోసం. సెరెంగెటి టాంజానియాలో ఉంది. అక్కడి పశువుల కాపరులైన మసాయిల భాషలో అంతులేని మైదానం అని అర్థం చెబుతారు. అక్కడ ఆగ్నేయ మూల ఏడాదికి 500 మిల్లీమీటర్లు పడితే వాయవ్యంలో వెయ్యి దాటుతుంది. దక్షిణ మైదానాల నేల పాత అగ్నిపర్వతాల బూడిదతో ఏర్పడింది కాబట్టి అక్కడి పొట్టి గడ్డిలో ఖనిజాలెక్కువ, పాలిచ్చే తల్లులకు మంచిది. అందుకని వానలుండగా అక్కడ ఉండి, ఫిబ్రవరి ప్రాంతంలో రెండు మూడు వారాల్లోనే లక్షల దూడలను ఈని, నేల ఎండగానే పడమరకు, ఆ తర్వాత ఉత్తరానికి కదులుతాయి. వైల్డ్‌బీస్ట్‌లు (ఆవులా కనిపించే పెద్ద జింకలు) సుమారు 13 లక్షలు, వాటితో రెండు లక్షల జీబ్రాలు. మన గొర్రెల కాపరులు మంద తోలుకుని మేత ఉన్న చోటికల్లా వలస వెళ్ళడం లాంటిదే ఇది. తోలేవాడు లేడు, అంతే.

ఇందులో పిల్లలకు తప్పకుండా చెప్పే ఒక సంగతి ఉంది. 1890ల్లో రిండర్‌పెస్ట్ అనే పశువుల మహమ్మారి ఆఫ్రికాను ఊడ్చేసింది. ఆవులూ వైల్డ్‌బీస్ట్‌లూ కుప్పలుగా చచ్చాయి. మసాయిలకు తిండి లేకుండా పోయింది. తర్వాత చుట్టుపక్కల ఆవులకు టీకాలు వేయడంతో 1960ల్లో రోగం తగ్గింది, రెండున్నర లక్షలున్న వైల్డ్‌బీస్ట్‌లు పదిహేనేళ్ళలో 13 లక్షలయ్యాయి. అన్ని నోళ్ళు మేసేసరికి ఎండుగడ్డి మిగల్లేదు. గడ్డి మిగలకపోతే మంటలు తగ్గాయి. మంటలు తగ్గితే చెట్లు పెరిగాయి. ఆవుకు వేసిన సూది చెట్ల లెక్క మార్చింది! ఆ రోగం ప్రపంచంలో పూర్తిగా పోయిందని 2011లో ప్రకటించారు.

మన దేశంలో నిజంగా సవన్నాలు ఉన్నాయా? అడవి నరికేసిన బీళ్ళే కదా అవి?

ఉన్నాయి. నరికేసిన అడవులనే మాట మనకు తెల్లదొరల కాలం నుంచి అంటింది. వాళ్ళ అటవీశాఖకు కలప కావాలి. కలప ఇవ్వని చోటల్లా పాడైన అడవి అని రాసుకున్నారు. రెవెన్యూవాళ్ళకు శిస్తు కావాలి. శిస్తు రాని చోటు బంజరు. ఆ రెండు మాటలే ఇప్పటికీ కాగితాల్లో నడుస్తున్నాయి. దేశంలోని వృథా భూముల పటాల్లో కూడా గడ్డి నేలలూ, పొదల నేలలూ చాలా చేరిపోయాయి.

పడమటి మహారాష్ట్రలో పదమూడో శతాబ్దం నుంచి వచ్చిన మరాఠీ సాహిత్యాన్నీ జానపదాలనూ వెతికి, ఆ పాత రాతల్లో చెప్పిన చెట్లూ గడ్డీ సవన్నావేనని 2025లో పరిశోధకులు చూపించారు. అంటే కనీసం 750 ఏళ్ళుగా అక్కడ ఉన్నది సవన్నానే. మన తెలుగు పద్యాల్లో, స్థలపురాణాల్లో, ఊళ్ళ చరిత్ర రాసిన కైఫీయతుల్లో ఏ చెట్లూ ఏ గడ్డీ ఉన్నాయో ఎవరైనా ఇలా కూర్చుని వెతికితే ఎంత బాగుంటుందో.

మన రాష్ట్రంలో చూడాలంటే రాయలసీమ. నంద్యాల జిల్లా రోళ్ళపాడులో 1988లో బట్టమేక పిట్ట కోసం అభయారణ్యం పెట్టారు. విస్తీర్ణం ఆరు చదరపు కిలోమీటర్లు పైచిలుకు మాత్రమే. బట్టమేక మనిషి నడుమెత్తు పక్షి, మగది 15 కిలోల దాకా తూగుతుంది, గూడు కట్టదు, గడ్డి మధ్య వట్టి నేల మీదే గుడ్డు పెడుతుంది, అదీ ఏడాదికి సాధారణంగా ఒక్కటే. దేశం మొత్తం మీద ఇప్పుడవి నూట యాభైకి అటూఇటూ మిగిలాయి. రోళ్ళపాడులో దాదాపు కనిపించడం మానేశాయి. అభయారణ్యం చుట్టూ ఉన్న మేత బీళ్ళు పొలాలైపోయాక ఆ చిన్న ముక్క వాటికి చాలలేదు. కృష్ణజింకలు మాత్రం అక్కడ బాగున్నాయి.

ఇంకొకటి కలివికోడి. పగలంతా కనిపించదు, రాత్రి పొదల మధ్య ఖాళీల్లో తిరుగుతుంది. పొద మరీ చిక్కబడినా, మరీ పల్చబడినా అది ఉండదు. 1848లో జెర్డన్ దొర లోకానికి చెప్పాడు. ఆ తర్వాత మన గోదావరి లోయలోనే సిరొంచ, భద్రాచలం ప్రాంతాల్లో కనిపించినట్టు రికార్డు ఉంది. 1900 తర్వాత మాయమైంది. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల దగ్గర, అక్కడి మనిషి ఒకాయన రాత్రి దీపం వెలుగులో పట్టుకుని తేవడంతో మళ్ళీ దొరికింది. ఎనభై అయిదేళ్ళు ‘పనికిరాని తుప్పల్లో’ బతికింది. ఆ తుప్పల్ని ఎవరో ఒకరు శుభ్రం చేయించి ఉంటే?

డెల్టాలో ఇలాంటివేమైనా చూడొచ్చా?

అసలైన సవన్నా మన డెల్టాలో లేదు. కానీ దాని చుట్టాలు ఉన్నాయి.

లంకల్లోని రెల్లు మైదానాలు మొదటివి. ఇక్కడ చెట్లను ఆపేది మంట కాదు, గోదావరి. వరద వచ్చిన ఏడు మొక్కలు కొట్టుకుపోతాయి, లేదా ఒండ్రులో పూడుకుపోతాయి. 1986 వరద చూసినవాళ్ళను అడగండి, ఏ లంక ఎక్కడికి జరిగిందో చెబుతారు. రెల్లు మాత్రం ఇసుకలో వేళ్ళతో పట్టుకుని ఉండిపోయి, ఆశ్వయుజంలో తెల్లగా పూస్తుంది. తెల్లవారుజామున పడవ దిగి ఆ పూత మధ్యలోకి నడిస్తే మంచుకు తడిసిన వెన్నులు భుజాలకు తగిలి చొక్కా తడిసిపోతుంది. ఎండెక్కేసరికి అవే దూదిలా విడి గాలికి లేస్తాయి. ఈ రెల్లు చెరుకుకు అడవి చుట్టం. కోయంబత్తూరులో 1912లో రెల్లును చెరుకుతో కలిపి ‘కో 205’ అనే చెరుకు రకం పుట్టించారు. తర్వాత వచ్చిన చెరుకు రకాలు చాలావాటిలో రెల్లు రక్తం ఉంది. తణుకు వైపు చెరుకు వేసిన రైతులకు తెలియకుండానే రెల్లు మేలు చేసింది.

రెండోది గిజిగాడు. గిజిగాళ్ళ కుటుంబంలో ఎక్కువ జాతులు ఆఫ్రికా సవన్నాల్లోనే ఉన్నాయి, మనకు వచ్చినవి కొన్నే. వానలు మొదలవగానే తాటి, ఈత, తుమ్మ చెట్లకు, ముఖ్యంగా కాలువ మీదికి వంగిన కొమ్మలకు గూళ్ళు మొదలవుతాయి. మగపిట్ట ఆకు అంచున ముక్కుతో చిన్న గాటు పెట్టి, ఆ చివర పట్టుకుని ఎగురుతుంది. ఆకు నుంచి సన్నటి పీలిక చీరుకుంటూ వచ్చేస్తుంది. అలాంటి పీలికలు వేలల్లో తెచ్చి అల్లుతుంది. సగం గూడు, తలకిందులైన టోపీలా ఉన్నప్పుడు ఆగి, దాని మీద కూర్చుని రెక్కలాడిస్తూ అరుస్తుంది. ఆడపిట్ట వచ్చి లోపల దూరి, పీలికలు లాగి చూసి, నచ్చితేనే ఒప్పుకుంటుంది. నచ్చకపోతే ఆ గూడు అలాగే వదిలేస్తాడు. చెట్టుకింద పడున్న సగం గూళ్ళు అవే. లోపల అంటించిన మట్టి ముద్దలు నిజమే. వాటికి మిణుగురు పురుగుల్ని దీపాలుగా అతికిస్తుందనేది మాత్రం కథ.

మూడోది తాడి. ఆఫ్రికా సవన్నాల్లో మన తాటిచెట్టుకు తోబుట్టువులాంటి చెట్టుంది. ఫోటోలో పక్కపక్కన పెడితే మన అంతర్వేది దారో, ఆ దేశమో చెప్పలేరు.

మన ఇంట్లో వాడేవాటిలో సవన్నా నుంచి వచ్చినవి ఉన్నాయంటారు. ఏమిటవి?

పులుసులో చింతపండు. చింతచెట్టు పుట్టిల్లు ఉష్ణ ఆఫ్రికా అని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. మనకు ఎంత పాతకాలంలో వచ్చిందంటే దాని శాస్త్రీయ నామంలో ఇండియా పేరే పడింది. బొబ్బర్లు, ఆముదం, పుచ్చకాయ, జొన్న, సజ్జ ఇవన్నీ ఆఫ్రికా పొడినేలల్లోంచి వేల ఏళ్ళ కిందట సముద్రం దాటి వచ్చినవే. రాగి తూర్పు ఆఫ్రికా ఎత్తు నేలల పంట.

ఇంకో మాట. ‘గడ్డి తింటున్నావా?’ అని తిడతాం, గడ్డిపరకలా తీసిపారేశాడు అంటాం. వరి గడ్డే. జొన్న గడ్డే, చెరుకు గడ్డే, ఆఖరికి వెదురూ గడ్డి కుటుంబమే. వినాయకుడికి పెట్టే గరికా, తద్దినానికి వాడే దర్భా సరే. మూడు పూటలా మనం తినేది గడ్డి గింజలనే.

ఒంగోలు ఎద్దుకూ బ్రెజిల్ సవన్నాకూ సంబంధం ఏమిటి?

బ్రెజిల్లో ఇప్పుడు పశువులు 20 కోట్లకు పైనే. వాటిలో మాంసానికి పెంచేవాటిలో అత్యధికం ‘నెలోరే’ జాతి. నెల్లూరు పేరే అది. ఆ జాతి మన ఒంగోలు గిత్తే. పందొమ్మిదో శతాబ్దంలో మొదలై 1960ల మొదట్లో వరకు ఓడల్లో తీసుకెళ్ళారు. ఆ చివరి విడతలో వెళ్ళిన పేరున్న ఆబోతుల్లో ఒకదాని పేరు కరవది, ఒంగోలు పక్కన ఊరు. ఇంకోదాని పేరు గోదావరి.

తెల్లటి ఒళ్ళు ఎండను తట్టుకుంటుంది, వదులు చర్మాన్ని ఆడించి ఈగల్ని తోలుకుంటుంది, నాసిరకం గడ్డి తిని కూడా కండ పడుతుంది. అందుకే సెరాడోలో బ్రహ్మాండంగా కుదిరింది. ఇంతవరకు మనకు గర్వంగానే ఉంటుంది. నాకు బాధ కలిగించేది తర్వాతి భాగం. సెరాడో సుమారు 20 లక్షల చదరపు కిలోమీటర్లు. అక్కడి చెట్లు పైకి పొట్టిగా, వంకరగా ఉంటాయి, వేళ్ళు మాత్రం ఎంతో లోతుకు దిగుతాయి. అందుకే తలకిందుల అడవి అంటారు. బ్రెజిల్ పెద్ద నదులు చాలావాటికి పుట్టిల్లు అదే. అమెజాన్ అడవి నరికితే ప్రపంచం గగ్గోలు పెడుతుంది, అది న్యాయమే. సెరాడో మాత్రం సగం దాకా పొలాలూ పచ్చికలూ అయిపోయినా పట్టించుకున్నవాళ్ళు తక్కువ. అది చూడటానికి అడవిలా లేదు కదా. అక్కడి సొంత గడ్డి తీసేసి ఆఫ్రికా గడ్డి వేశారు, దాన్ని మన ఆవు మేస్తోంది. ఇక్కడేమో ట్రాక్టర్లు వచ్చాక ఒంగోలు గిత్త పందేలకూ ప్రదర్శనలకూ మిగిలింది.

ఖాళీగా ఉన్న గడ్డి భూమిలో మొక్కలు నాటితే మంచిదే కదా? మీరు వద్దంటున్నారేమిటి?

ఊళ్ళో, రోడ్డు పక్కన, బడిలో, నరికిన అడవిలో నాటండి. నేనూ నాటిస్తాను. సహజంగా గడ్డి ఉన్న నేలను తవ్వి మాత్రం వద్దు.

ఇది నేను చేసి నేర్చుకున్నది. కొన్నేళ్ళ కిందట మెట్టలో ఒక గుట్ట పక్క గడ్డి బంజరులో మొక్కలు నాటే కార్యక్రమానికి మా పిల్లల్ని తీసుకెళ్ళాను. జేసీబీతో గోతులు తీసి ఉంచారు. నీలగిరి, కొన్ని కానుగ. పిల్లలు చాలా ఉత్సాహంగా నాటారు. ఒక ముసలి గొర్రెలకాపరి కర్ర మీద గడ్డం ఆనించి చూస్తూ నిలబడ్డాడు. “మాస్టారూ, ఇక్కడ తవ్వేస్తే రేపు జీవాల్ని ఎక్కడికి తోలమంటారండీ?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. అడవి వస్తుంది తాతా, వానలొస్తాయి అని ఏదో చెప్పాను. రెండేళ్ళ తర్వాత వెళితే కానుగలన్నీ పోయాయి. నీలగిరి కొంత నిలబడింది. దాని కింద పొడి ఆకులు తప్ప గడ్డి లేదు. మొదటిసారి వెళ్ళినప్పుడు అడుగడుక్కీ కాళ్ళ దగ్గర్నుంచి బుర్రుమని లేచిన కౌజులూ పూరేళ్ళూ ఒక్కటి కూడా లేవలేదు. కాపరి కనిపించలేదు.

గడ్డి నేలలో కార్బన్ చాలావరకు మట్టిలో, వేళ్ళలో ఉంటుంది. పైన మంట వచ్చినా అది చెక్కుచెదరదు. దున్నితే, గోతులు తవ్వితే బయటికి పోతుంది. నీలగిరి లాంటి చెట్లు నేలలో నీటిని గడ్డి కంటే ఎక్కువ లాగుతాయి. పాత గడ్డి నేల ఒకసారి పోతే మళ్ళీ రావడానికి వందేళ్ళు కూడా చాలకపోవచ్చు. గడ్డి విత్తనం చల్లినంత తేలిక కాదు. కింద దుంపలూ, లోతు వేళ్ళూ, చెదపుట్టలూ, అన్నీ కలిసి ఉన్న నేల అది.

సర్కారు తుమ్మ సంగతేమిటి? అది కూడా ముళ్ళచెట్టే కదా, సవన్నాకు తగినదే కదా?

ముళ్ళున్నంత మాత్రాన కాదు. అది అమెరికా ఖండం చెట్టు. 1870ల చివర్లో కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో వంటచెరకు కోసం నాటారని చెబుతారు. చిక్కగా అల్లుకుపోయి గడ్డిని చంపేస్తుంది. దాన్ని పీకి గడ్డిని తిరిగి రానిస్తే మంచిదే.

పిల్లల్ని తీసుకెళ్ళాలంటే ఎప్పుడు, ఎక్కడికి వెళ్ళాలి?

రెల్లు పూత కోసమైతే దసరా నుంచి కార్తీకం మొదటి వారాల దాకా, ఏటి మధ్య లంకకు. పడవవాడిని ముందురోజే అడగండి. ఎగువన భద్రాచలం దగ్గర నీరు పెరుగుతోందంటే వెళ్ళొద్దు. నిండు చేతుల చొక్కా, ప్యాంటు, బూట్లు తప్పనిసరి. రెల్లు ఆకు అంచు బ్లేడులా కోస్తుంది, దుబ్బుల్లో రక్తపింజర ఉంటుంది. కర్రతో ముందు తట్టుకుంటూ నడవాలి. గిజిగాడి కోసం జూలై, ఆగస్టు. కాలవ గట్టున ఏ తాటిచెట్టు దగ్గరైనా కూర్చోవచ్చు, కొత్తగా అల్లుతున్న గూటికి మాత్రం దగ్గరగా వెళ్ళొద్దు.

రోళ్ళపాడు వెళ్ళేవాళ్ళు వానలు తగ్గాక, అక్టోబర్ నుంచి జనవరి లోపు వెళ్ళండి. గడ్డి మోకాలెత్తు ఉంటుంది, కృష్ణజింకలు పొద్దున్నే కనిపిస్తాయి. అటవీశాఖ వాళ్ళను అడిగి, వాళ్ళు చూపిన దారిలోనే నడవండి. గుడ్లు నేల మీదే ఉంటాయి.